షరతుకు లోబడి

వరండాలో పరిచిన నల్ల పలకరాళ్లను పొద్దున్నే కడిగినట్టున్నారు, ఇంకా తడి ఆరలేదు. పైన తిరిగే ఫ్యాను ఆ తడిలో కూడా తిరుగుతోంది. హెప్సిబా బెంచీ మీద కూర్చుని, కింద తిరిగే ఫ్యానును చూస్తూ, లాంబ్డాను తలచుకోకూడదని గట్టిగా అనుకుంటోంది. అంటే తలచుకుంటున్నట్టే కదా. ఏళ్ల తరబడి ఇదే మార్కాపురంలో, ఇదే కాలేజీలో, ఇదే వరండాలో చాక్‌పీసు పెట్టె పట్టుకుని నడిచింది గానీ, ఈ బెంచీ మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. ఇది ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులు కూర్చునే బెంచీ. ఈ పూట ఆమె కూడా బయటి మనిషే. గెస్టు లెక్చరర్ అనే మాటలోనే ఉంది కదా, చుట్టం అని. చుట్టానికి ఎన్నేళ్లున్నా ఇంటి తాళంచెవి ఇవ్వరు. ఎన్నాళ్లకో లెక్కల్లో ఒక్క రెగ్యులర్ పోస్టు పడింది. అది ఆమెతో నిండితే ఆమె ఇక్కడే ఉంటుంది, ఇంకొకరితో నిండితే గెస్టు గంటలు ఉండవు, సోమవారం నుంచి రానక్కర్లేదు. మధ్యలో నిలబడే చోటు లేదు. అంతా కలిపి ఒక డెమో క్లాసు, ముగ్గురు పెద్దల ముందు. అంశం వాళ్లే ఇచ్చారు: షరతుకు లోబడి గరిష్ఠ, కనిష్ఠ విలువలు, లాగ్రాంజ్ గుణకాల పద్ధతి. లెక్కల్లో ఇన్ని అంశాలుండగా, ఏరి కోరి అదే.

ఆ పద్ధతి ఆమెకు రాక కాదు. నిద్రలో లేపి అడిగినా చేస్తుంది. పెంచుకోవాల్సింది ఒకటి ఉంటుంది, దాటకూడని షరతు ఒకటి ఉంటుంది. ఒకదాని గ్రేడియంట్, అంటే అది అన్నిటికన్నా వేగంగా పెరిగే దిక్కు, ఇంకొకదాని గ్రేడియంట్‌కు లాంబ్డా రెట్లు అని రాసుకోవడం, సమీకరణాలు విడగొట్టడం, లాంబ్డాను తోసేసి ఎక్స్‌నూ వైనూ పట్టుకోవడం. చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి, ఆదివారం గుడిలో పాట వచ్చినట్టు. చిక్కంతా ఒంగోలు వైపు ఒక కాలేజీలో ఇచ్చిన డెమో దగ్గర మొదలైంది. ఎప్పుడో జరిగిన సంగతి, అయినా ఆ గది వాసన కూడా గుర్తుంది, కొత్త రంగు వాసన. లెక్క అంతా బోర్డు నిండా చేసి, చేతులు దులుపుకుని నిలబడితే, చివరి కుర్చీలో పెద్దాయన నెమ్మదిగా అడిగాడు: "అంతా బాగుందమ్మా. ఇంతకీ ఈ లాంబ్డా అంటే ఏమిటి?" "తెలియని స్థిరరాశి సార్. చివర్లో తీసేస్తాం." "తీసేసేదాన్ని పెట్టుకోవడం ఎందుకమ్మా?" గదిలో అందరూ నవ్వారు. పాడు నోరు, ఆమె కూడా నవ్వింది. ఎవరి మీద నవ్వుతున్నారో తెలిసీ వాళ్లతో కలిసి నవ్వడం ఉంది చూశారా, అది ఏడవడం కంటే కష్టం. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొదిలి దాటేదాకా, నిజమే, ఎందుకు పెట్టుకున్నాం అనుకుంటూనే వచ్చింది. తర్వాత పుస్తకాలు తిరగేసింది. చదివింది, అర్థమైందనుకుంది, పుస్తకం మూయగానే పోయింది. నోటికి వచ్చిన చదువుకూ తెలిసిన చదువుకూ మధ్య ఎక్కడో సందు ఉంటుంది, అందులో పడ్డ మనిషికి తప్ప అది కనబడదు.

ఎండ వరండా అంచుదాకా వచ్చి ఆగింది. గేటు బయట పలకరాళ్ల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది, ఆ దుమ్ము వాసనకు ఆమెకు ఎప్పుడూ తుమ్ము వస్తుంది, ఇప్పుడు రాలేదు. ఇస్త్రీ చీర నలగకుండా కూర్చోవడం మీదే ధ్యాస ఉంది కాబోలు. లేత నీలం చీర. అమ్మ పొద్దున యర్రగొండపాలెం బస్సు దగ్గర కొంగు సర్దుతూ, దేవుని చిత్తం అంది. దేవుని చిత్తం సరే, ప్యానెలు చిత్తం ఎట్లుందో. గేటు దగ్గర బైకు ఆగింది. దిగిన మనిషి చంకలో బిడ్డ, భుజాన సంచి, చేతిలో ఫైలు, ఒక్కో మెట్టూ ఎక్కుతూ తలెత్తి చూసి, ముఖమంతా నవ్వు చేసుకుంది.

"మేడం! మీరా?"

సుస్మిత. హనుమంతునిపాడు దగ్గరి పల్లె నుంచి బస్సు మీద వచ్చి, మొదటి బెంచీలో కూర్చుని, మూడేళ్లు ఆమె ప్రాణం తోడేసిన పిల్ల. తర్వాత యూనివర్సిటీలో పీజీ చేసిందని విన్నది, పెళ్లయిందని విన్నది, మంచి మార్కులని విన్నది. ఈ బెంచీకి వస్తుందని మాత్రం వినలేదు.

"నువ్వూ డెమోకేనా?"

"అవును మేడం. మా ఆయనే అప్లికేషను పెట్టినాడు. మీరుండారని తెలిస్తే..." అని ఆగిపోయింది. తెలిస్తే ఏం చేసేదో ఆమెకూ తెలిసినట్టు లేదు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పాలు తెస్తానని ఇప్పుడే పోయినాడు నరేష్. వీడు నన్నిడిసి ఉండడు. మా అత్తకు జొరం" అంది. బిడ్డ హెప్సిబాను ఎగాదిగా చూసి, చీర కొంగు బాగుందని తేల్చుకుని పట్టుకున్నాడు.

పోస్టు ఒకటి. బెంచీ మీద ఇద్దరు. హెప్సిబాకు కలిగింది అసూయే, దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. తన చేత్తో నీళ్లు పోసిన మొక్కే కదా, అని ఎవరైనా అనొచ్చు. నీళ్లు పోసిన మొక్క మన కంట్లోనే గుచ్చుకుంటే మురిసిపోయేవాళ్లను ఆమె ఇంకా చూడలేదు. ఆ రోజుల్లో ఈ పిల్ల చెయ్యెత్తిందంటే క్లాసుకు ప్రాణం వచ్చేది. అట్ల ఎందుకు మేడం, ఇట్ల ఎందుకు కాదు మేడం. మిగతా పిల్లలు వాచీ చూసుకునేవాళ్లు, ఆమె మాత్రం ఆ ప్రశ్న కోసమే ముందురోజు రాత్రి రెండు పేజీలు ఎక్కువ చదువుకునేది. గంటకింతని ఇచ్చే ఉద్యోగంలో గంట కొట్టాక కూడా బోర్డు దగ్గర నిలబెట్టింది ఈ పిల్ల ఒక్కతే. ఆ అరగంటలకు ఎవరూ జీతం ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు, ఇప్పుడు తలచుకుంటే బతుకులో బాగున్న అరగంటలు అవే. అవి సోమవారం నుంచి ఉండకపోతే? ఇంటి దగ్గర కూర్చోవాలి, లేదా ఏదో ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఆరో తరగతికి ఎక్కాలు చెప్పాలి. ఎక్కాలు చెప్పడం తప్పేం కాదు. కానీ ఆమెకు ఈ గదులు కావాలి, ఇక్కడి బోర్డులు కావాలి. కావాలి అని తనలో తాను ఇంత స్పష్టంగా అనుకుని చాన్నాళ్లయింది.

"మేడం," సుస్మిత గొంతు తగ్గించింది, "లెక్కంతా వస్తుంది నాకు. చివర్లో లాంబ్డా అంటే ఏందని అడిగితే ఏం చెప్పాల?"

ఫ్యాను కిర్రుమంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ పిల్ల వేలు సరిగ్గా అక్కడే పెడుతుంది. హెప్సిబా నోటి చివర జవాబు సిద్ధంగా ఉంది: తెలియని స్థిరరాశి, చివర్లో తీసేస్తాం. అబద్ధం కాదు. ఏ పుస్తకంలో వెతికినా తప్పని ఎవరూ అనలేరు. ఆ జవాబు పట్టుకుని పిల్ల లోపలికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఎవరికీ ఏ పాపమూ చుట్టుకోకుండా, కర్ర విరగకుండా పాము చచ్చినట్టు పని అయిపోతుంది. ఎదురుగా సుస్మిత అట్లాగే చూస్తోంది, పద్దెనిమిదేళ్లప్పుడు చూసినట్టే, మేడం చెప్తారు అన్న నమ్మకంతో. ఆ చూపును మోసం చేసిన రోజు ఇంతవరకు లేదు. తెలియని రోజున తెలియదు, రేపు చెప్తానని అనేది. ఇవాళ రేపు అనడానికి లేదు.

"ఒక పొలం అనుకో," అంది. ఏం చెప్పబోతోందో ఆమెకే తెలియదు. "గట్టు మీద ఒక మేకను కట్టేసినాం అనుకో."

మేక ఎందుకు వచ్చిందో. వాళ్లకు మేకలుండేవి, అందుకని వచ్చింది. నల్లమల అంచున ఊరు, నాయన ఏబేలు, అమ్మ ఎలీషబా రైతు రామయ్య రెడ్డి చేలో కలుపుకు పోయేవాళ్లు, పోతూ మల్లి అనే మేకను వెంట తీసుకుపోయేవాళ్లు. గట్టు మీది గడ్డి మేపుకోండి, పైరు మాత్రం తాకకూడదు, అని రామయ్య షరతు. అందుకని తాడు ఆయనే బారలతో కొలిచి ఇచ్చాడు, గట్టు మీద గూటం కొట్టి, అక్కడినుంచి వేరుశనగ మొదటి సాలుకు ఒక జాన తక్కువ ఉండేట్టు. పెద్దమనుషుల ఒప్పందం. మధ్యాహ్నానికి చూస్తే పైరు పోయింది. పైరు మేసిన జీవాన్ని రైతు తన దొడ్లో కట్టేసుకోవడం, సొంతదారు వచ్చి మాట్లాడుకుని విడిపించుకోవడం ఆ ఊరి రివాజు. నాయన పోయి నిలబడ్డాడు.

"ఏబేలూ, తాడు మార్చినావా?"

"ఒట్టు రెడ్డీ, నువ్విచ్చిన తాడే."

ఇద్దరూ పొలానికి పోయి కొలిచారు. గూటం కదల్లేదు, తాడు పెరగలేదు, సాలుకు జాన తక్కువే ఉంది. మళ్లీ కొలిచారు. ఎండలో ఇద్దరు మగవాళ్లు, ఒకరు ఇటు పట్టుకుని ఒకరు అటు పట్టుకుని, తాడు మీద అపనమ్మకంతో. కలుపు తీస్తున్న అమ్మ నడుమెత్తి, "తాడు కొలిచినారు బానే ఉంది, మేక మెడ కొలిచినారా?" అంది. చేలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వితే రామయ్య కూడా నవ్వాడు, మల్లి ఆ సాయంత్రమే ఇల్లు చేరింది. ఊళ్లో చాన్నాళ్లు, ఎవరైనా లెక్క తప్పితే, మెడ మరిచినావా అనేవాళ్లు.

ఇదంతా చెప్తోందా, తలచుకుంటోందా? రెండూ. నోరు చెప్తూనే ఉంది, కళ్ల ముందు ఆ పొలం ఉంది. మేక పైరు తిన్న మేర గట్టు పక్కన వంకీలాగా కనబడేది. చివర్లలో మొదటి సాలు కొస మాత్రం కొరికి ఉంది, నడిమధ్య అన్నిటికన్నా లోపలి సాలు అంది ఉంది. ఆ నడిమధ్య ఎక్కడ? గూటానికి సరిగ్గా ఎదురుగా. చిన్నప్పుడు చూసిందే. చూసి మరిచిందే.

"మేక ఆశ పొలంలోకి తిన్నగా లాగుతుంది, సాళ్లకు అడ్డంగా. తాడు గూటం వైపుకు లాగుతుంది. ఈ రెండూ ఏటవాలుగా ఉన్నంతసేపూ మేక పక్కకు జరుగుతానే ఉంటుంది, జరిగితే ఇంకాస్త లోపలి ఆకు అందుతుంది కాబట్టి. జరిగి జరిగి ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడ?"

"ఆశా తాడూ ఒకే గీతలోకి వచ్చిన చోట," అంది సుస్మిత. కళ్లు పెద్దవయ్యాయి. "రెండు గ్రేడియంట్లూ ఒకే గీత మీద. అందుకా మేడం!"

"అందుకే. గూటానికి అవతల, పొలానికి దూరంగా ఉన్న చోట కూడా ఆ గీత కలుస్తుంది, అది కనిష్ఠం. సమీకరణాలు రెండూ చూపిస్తాయి, ఏది ఏదో మనం చూసుకోవాల."

"మరి లాంబ్డా?"

అప్పుడు తెలిసింది. చెప్పే ముందు ఒక్క క్షణం, గొంతులోకి మాట వచ్చేలోపల, నిండుగా, చల్లగా తెలిసింది. "తాడు ఒక జాన వదిలితే ఇంకా ఎన్ని సాళ్లు అందుతాయి? అదే లాంబ్డా. ఆగిపోయిన చోట ఆ తాడు ఎంత బిగువుగా ఉందో, అది. తీసేసేది కాదమ్మా. షరతు ఖరీదు చెప్పేది అదొక్కటే."

సుస్మిత ఫైలు తిప్పి పట్టుకుంది. ఫైలు వెనక అట్ట మీద వేలితో ఒక వృత్తం, దాన్ని తాకుతూ ఒక గీత గీసుకుంది. అటెండరు కొండయ్య తలుపు తీసి, చీటీ చూసి, "సుస్మిత మేడం ఎవరు? రండమ్మా" అన్నాడు. ఆ పిల్ల లేచింది, గేటు వైపు చూసింది, నరేష్ జాడ లేదు. "మేడం, కాస్త పట్టుకుంటారా" అని బిడ్డను హెప్సిబా ఒళ్లో పెట్టి, కొంగు సర్దుకుంటూ లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఇప్పుడు హెప్సిబా ఒళ్లో పోటీదారు కొడుకు, వేళ్ల సందున ఆమె కొంగు. తన మీద తనకే నవ్వొచ్చింది. ఇన్నేళ్లు వెతికినది దొరికిందా, దొరికిన నిమిషంలోనే ఇచ్చేసిందా. ఆ పిల్ల అడక్కపోయి ఉంటే అది దొరికేదే కాదు, అదొక్కటి మాత్రం నిజం, ఒంటరిగా ఈ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నా మేక వచ్చేది కాదు. చెప్తేనే గదా చదువు మనకూ తెలిసేది. బాధ లేదా అంటే ఉంది. గుండెలో సన్నగా, ఒకే దిక్కుకు లాగుతూ ఉంది. ఇంకొక్క క్షణం నోరు మూసుకుని ఉంటే ఏం కలిసొచ్చేదో ఆమె లెక్క వేయగలదు, వేసింది కూడా. లోపలినుంచి చాక్‌పీసు బోర్డుకు తగిలే చప్పుడు. సుస్మిత గొంతు మొదట వణికింది, తర్వాత నిలబడింది. "ఒక పొలం అనుకుందాం సార్." హెప్సిబా కళ్లు మూసుకుంది. గూటం దగ్గర, తాడు దగ్గర ఎక్కడా తడబడలేదు. మెడ సంగతి చెప్పినట్టుంది, పెద్దవాళ్ల నవ్వు వినిపించింది, ఈసారి మంచి నవ్వు. ఆ నవ్వు వినగానే ఆమెకు ఎందుకో తానే లోపల నిలబడి ఉన్నట్టు సంతోషం కలిగింది, వెంటనే తాను బయట ఉన్నట్టు గుర్తొచ్చింది, రెండూ ఒకదాని పక్కన ఒకటి కుదురుగా కూర్చున్నాయి. బిడ్డ ఆవలించాడు. మోకాలి దగ్గర వెచ్చగా తగిలింది. చూస్తే లేత నీలం చీర మీద ముదురు నీలం మరక, పెద్దదే. ఇస్త్రీ కోసం పొద్దున ఎంత తంటాలు పడింది! వాడు ఏం ఎరగనట్టు ఫ్యాను చూస్తున్నాడు.

తలుపు తీసుకుని సుస్మిత వచ్చింది. ముఖం వెలుగుతోంది, ఆ వెలుగులోనే ఏదో ముడుచుకుంది. బిడ్డను తీసుకుంటూ, "అయ్యయ్యో, చీర!" అంది. తర్వాత నేల చూస్తూ, "మేడం, మేక గురించి చెప్పినా. మీరు చెప్పినారని చెప్దామనే అనుకున్నా. నోరు రాలేదు" అంది.

"పర్లేదులేమ్మా. అడిగినారా లాంబ్డా?"

"అడిగినారు."

"హెప్సిబా మేడం," అని పిలిచాడు కొండయ్య, రోజూ పిలిచే గొంతుతోనే.

గదిలో ముగ్గురు. ప్రిన్సిపాలు తెలిసిన మనిషే, ఈ పూట తెలియనట్టు కూర్చున్నాడు. పక్కన కరస్పాండెంటు. చివర బయటినుంచి వచ్చిన సబ్జెక్టు పెద్ద, తెల్లజుట్టు, ముందు కాగితం మీద ఏదో వృత్తం గీసుకుని ఉన్నాడు. బోర్డు మీద సుస్మిత గీసిన పొలం అట్లాగే ఉంది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇందాకటి అమ్మాయి మేకను కట్టేసి భలే చెప్పింది. లెక్క ఎట్లాగూ చేస్తావు గానీ, ముందు నువ్వు చెప్పమ్మా, లాంబ్డా అంటే ఏమిటి?" అన్నాడు.

ఆ మేక మాదే సార్. నాలుగు మాటలు, నాలుక చివర ఉన్నాయి. అబద్ధం ఒక్క పిసరు కూడా లేదు, మల్లి నిజంగా వాళ్లదే. ఆ మాట అంటే ఆయన తలెత్తుతాడు, ఎట్లా అని అడుగుతాడు, బయట బెంచీ మీద బిడ్డతో కూర్చున్న పిల్లను మళ్లీ లోపలికి పిలుస్తారు. ఆ పిల్ల ముఖం ఎట్లా ఉంటుందో హెప్సిబాకు కనబడింది. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కుంటే అది ఇచ్చినట్టు కాదు. చదువు చెప్పేవాళ్లకు రాసిపెట్టని షరతు అది, ఎవరూ కొలిచి చేతికివ్వలేదు.

"షరతు తప్పనందుకు మనం వదులుకునేదే సార్, లాంబ్డా. షరతును రవ్వంత సడలిస్తే ఎంత కలిసొస్తుందో అంత."

"ఉదాహరణ?"

"ఒకటి ఉంది సార్. చెప్పకూడదు."

ప్రిన్సిపాలు కుర్చీలో కదిలాడు. పెద్దాయన మాత్రం కదల్లేదు. ఆమెను చూశాడు, చీర మీద మరకను చూశాడు, మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. "సరే. లాంబ్డా సున్నా వచ్చిందనుకో?"

"సున్నా వస్తే ఆ షరతు మనల్ని పట్టుకున్నట్టు కాదు సార్. అది లేకపోయినా అక్కడే నిలబడి ఉండేవాళ్లం."

"మరి నీ ఉదాహరణలో ఎంత వచ్చిందమ్మా?"

"చాలానే వచ్చింది సార్," అంది హెప్సిబా. చాక్‌పీసు తీసుకుని, సుస్మిత గీసిన బొమ్మను తుడవకుండా, పక్కన ఖాళీగా ఉన్న చోట లెక్క మొదలుపెట్టింది.